రెండో పిలుపు

సరిహద్దు గేటు తెరుస్తున్నారన్న కబురు లోంగ్ సెమాయా ఊరికి వచ్చినప్పుడు పియాన్ ఉప్పు గుడిసెలో ఊరికే కూర్చుని ఉన్నాడు. పొయ్యిలో నిప్పు లేదు. ఉప్పు ఊట మీద ఆకులు రాలి కుళ్ళుతున్నాయి. భార్య పోయాక అతను పొయ్యి వెలిగించలేదు. ఉప్పు కాచడం ఇద్దరి పని. ఒకరు కట్టెలు తోస్తుంటే ఒకరు నురగ తియ్యాలి. ఒకరు కునుకు తీస్తే ఒకరు మేలుకోవాలి. ఒక్కడే చేస్తే ఉప్పైనా మాడుతుంది, మనిషైనా మాడతాడు.

కబురు తెచ్చింది పక్కింటి రింగా. ఆమె ఇంకా గట్టు దిగకముందే మాట గుడిసెలోకి వచ్చేసింది.

"మామా, ఈసారి ఉత్తుత్తి కాదట. చుట్టుపక్కల నాలుగు దేశాలు కూర్చుని సంతకాలు చేశాయట. ఇటు ఒక భవనం, అటు ఒక భవనం, మధ్యలో సంత. మన బియ్యం, మన ఉప్పు మనమే మోసుకెళ్ళి అమ్ముకోవచ్చట. దొంగదారి అక్కర్లేదట."

"మన తాతలు మోసుకెళ్ళింది దొంగదారినా?" అన్నాడు పియాన్.

"అప్పుడు ఉత్త దారే మామా. ఆఫీసర్లు వచ్చాక దొంగదారి అయింది" అని నవ్వింది రింగా.

పియాన్ నవ్వలేదు. గేటు అన్న మాటే అతనికి గిట్టదు.

కొండ గట్టుకి ఇటు ఇండోనేషియా, అటు మలేషియా. మనుషులు ఒకటే, మాట ఒకటే, చర్చిలో పాడే పాటలూ ఒకటే. ఇటు పొలాల్లో సన్నబియ్యం పండుతుంది, ఊటల్లో ఉప్పు ఊరుతుంది. చక్కెర, గ్యాస్ బండలు, పెట్రోలు అటునుంచి రావాలి. లోంగ్ సెమాయా కొట్లో అవతలి రింగిట్ ఇస్తే నవ్వుతూ తీసుకుంటారు, సొంత దేశపు రుపియా ఇస్తే కొట్టువాడు మొహం చిట్లిస్తాడు. సొంత దేశపు పట్నానికి పోవాలంటే చిన్న విమానం ఎక్కాలి. మబ్బు పడితే అదీ లేదు. అవతలి ఊరు బా ఉలోంగ్‌కి మాత్రం పొద్దున్నే బయల్దేరితే అన్నం వేళకి చేరిపోతారు. పియాన్ తన ఒక్క కూతురు సుపాంగ్‌ని ఆ ఊరికే ఇచ్చాడు. పిల్లని దూరం ఇచ్చామని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

దూరం తరవాత వచ్చింది. లోకమంతా జబ్బు తిరిగిన ఏడాది రెండు దేశాలూ గట్టు మీద అడ్డంగా తాళ్ళు కట్టాయి. ఆ ఏడాదే పియాన్ భార్యకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. లోకం భయపడిన జబ్బు కాదది, వేరే జబ్బు. ఏ జబ్బో తాడు అడగదు. కబురు అందిన సుపాంగ్ వానలో పరుగున వచ్చింది. అటువైపు కాపలా పెద్ద ఆమె మామగారే, యుడాన్. కోడల్ని తాడు దగ్గరే ఆపేశాడు. నియమం అందరికీ ఒకటే అన్నాడు. నా ఇంటి మనిషిని వదిలితే రేపు ఊరు నా మాట వింటుందా అన్నాడు. ఆ పిల్ల తాడు పట్టుకుని పొద్దు గుంకేదాకా నిలబడి వెనక్కి పోయింది. తల్లి మర్నాడు పోయింది.

సుపాంగ్ తరవాత మామగారిని క్షమించింది. ఒకే కప్పు కింద బతకాలి కదా. పియాన్ ఆ కప్పు కింద లేడు. క్షమించాల్సిన అవసరం అతనికి కనిపించలేదు. తాళ్ళు విప్పాక అల్లుడు రెండుసార్లు వచ్చి నచ్చజెప్పబోతే పొలం మాటలు మాట్లాడి పంపించేశాడు.

"ఇంకో కబురు కూడా ఉంది మామా" అంది రింగా. ఈసారి కాస్త తగ్గి చెప్పింది. సుపాంగ్‌కి కొడుకు పుట్టాడు. గేటు తెరిచే రోజునే బా ఉలోంగ్‌లో పేర్ల విందు. పియాన్‌కి తాత అయ్యాడని కొత్త పేరు ఇస్తారు.

పియాన్ లేచి గుడిసె బయటికి వెళ్ళి, చేసే పనేమీ లేకపోయినా కట్టెల మోపు విప్పి మళ్ళీ కట్టాడు.

ఆ కొండల్లో మనిషి పుట్టిన పేరుతో చావడు. తొలి బిడ్డ పుట్టగానే తల్లిదండ్రులు కొత్త పేరు తీసుకుంటారు. తొలి మనవడు పుట్టగానే ఇంకో పేరు. మొగుడికీ పెళ్ళానికీ పేరు ఒకటే. పెళ్ళాం పేరు ముందు సినా అని చేరుతుంది, తల్లి అని. సుపాంగ్ పుట్టినప్పుడు వీళ్ళు తీసుకున్న పేరు పియాన్ తావు. మనం కోరుకున్నది అని దాని అర్థం. ఆ పేరు భార్యే వెతికింది. నిండు నెలలతో, ఇదే గుడిసెలో, చెమట తుడుచుకుంటూ నురగ తీస్తూ వెతికింది. అతను చెప్పిన పేర్లన్నీ, అవి గేదెలకి పెట్టుకో అని కొట్టిపారేసింది. అప్పటినుంచి ఊరికి అతను పియాన్ తావు, ఆమె సినా పియాన్ తావు.

విందులో కొత్త పేరు మైకులో చెప్పాక పాత పేరు ఎవరూ పలకకూడదు. నోరు జారితే కోడిని ఇచ్చుకోవాలి. బిడ్డకి మంచిది కాదని పెద్దలంటారు. ఇదంతా కోడి కూర కోసమని కుర్రాళ్ళంటారు. ఏదైతేనేం, ఆ రోజుతో పాత పేరు ఊళ్ళోంచి వెళ్ళిపోతుంది.

పియాన్‌కి ఆ వెళ్ళిపోవడమే ఇష్టం లేదు. తన పేరు పోతే ఆమె పేరూ పోతుంది. సినా పియాన్ తావు అనాలంటే పియాన్ తావు అనాలి కదా. ఆమెకి చిన్ననాటి పేరు ఒకటి ఉండేది, కానీ తల్లి అయిన ఆడమనిషిని ఆ పేరుతో పిలవడమంటే కన్న బిడ్డని లేదన్నట్టే. ఆ తప్పు ఎవరూ చెయ్యరు. అందరి ఇళ్ళలోనూ ఇలా జరిగిందే మామా, మా అత్త పోయాక మా మామ మార్చుకోలేదా అని రింగా ఓదార్చింది. మీ మామకి మీ అత్తంటే ఏపాటి ప్రేమో ఊరందరికీ తెలుసు అన్నాడు పియాన్. రింగా ఆ రోజుకి లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

వెళ్ళకూడదనే అనుకున్నాడు. గట్టెక్కితే అవతలి టవరు నుంచి సిగ్నల్ అందుతుంది. సుపాంగ్ కబురు పెట్టి అతన్ని అక్కడికి రప్పించి, రింగా ఫోన్లో మాట్లాడింది. విందు సంగతి చాలాసేపు చెప్పింది, గేదెని కొన్నారని, పాస్టరు వస్తున్నాడని, చుట్టాలు అన్ని ఊళ్ళ నుంచీ వస్తున్నారని. అతను ఊఁ కొడుతూ ఉండిపోయాడు. చివరికి ఆ పిల్ల ఒక్క మాట అంది.

"నాన్నా, నువ్వు నిలబడి పేరు తీసుకోకపోతే, వీడికి అమ్మవైపు ఎవరూ లేరంటారు."

పియాన్ గట్టు దిగి ఇంటికి వెళ్ళి, పెట్టెలోంచి మంచి చొక్కా తీసి ఎండలో వేశాడు.

గేటు తెరిచిన రోజున బడిపిల్లలు వెదురు బూరలు ఊదారు. రెండు జెండాలు ఎగిరాయి. చెట్లు కొట్టి చదును చేసిన చోట కొత్త భవనం తెల్లగా మెరుస్తోంది, చుట్టూ బురద. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పెద్దమనుషులు బూట్లకి అంటిన మట్టిని గడ్డికి రాస్తూ మాట్లాడారు. సరిహద్దులు గోడలు కావు, వంతెనలు అన్నారు. ఇక్కడి ఉప్పు, అక్కడి చక్కెర అక్కచెల్లెళ్ళన్నారు. పియాన్ వెనక నిలబడి తాడు కట్టిన చెట్టు కోసం వెతికాడు. కొట్టేశారు. మొద్దు కూడా కనిపించలేదు.

దాటాలంటే కార్డు కావాలి. కిటికీ వెనక జావా నుంచి వచ్చిన కుర్ర ఆఫీసరు కూర్చున్నాడు. ప్రియో అతని పేరు. కొండ చలికి రెండు స్వెట్టర్లు తొడిగాడు. అందర్నీ పెద్దాయనా, పెద్దమ్మా అని పిలుస్తున్నాడు. పేరు అడిగితే పియాన్ చెప్పాడు. వేలిముద్ర వేశాడు. పొద్దున అటు వెళ్ళేటప్పుడు కార్డు కిటికీలో ఇచ్చి పోవాలని, తిరిగి వచ్చేటప్పుడు పేరు పిలిచి ఇస్తారని ప్రియో చెప్పాడు.

బా ఉలోంగ్‌లో యుడాన్ ఎదురొచ్చాడు. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు. ఇప్పుడతను సరిహద్దు సంత కమిటీకి అధ్యక్షుడు, చొక్కా జేబు మీద బిళ్ళ కూడా ఉంది. తాడు పట్టుకున్న మనిషే తలుపు తీసే మనిషి అయ్యాడు. ప్రభుత్వాలకి మనుషులు దొరకరు కాబోలు.

"రండి బావగారూ, రండి. మీకు ములా ఉలున్ అని అనుకుంటున్నాం. ఎన్నో బతుకులు అని. ఎలా ఉంది?"

"ఆవిడ పేరు కూడా పిలవండి" అన్నాడు పియాన్. "సినా ములా ఉలున్ అని."

యుడాన్ గొంతు తగ్గించాడు. "పోయినవాళ్ళకి పేరు మార్చరు బావగారూ. మీకు తెలియంది కాదు. ఈ నియమం నేను పెట్టింది కాదు."

"ఆ రోజు తాడు దగ్గర కూడా ఇదే అన్నారు."

యుడాన్ మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని తియ్యడం మర్చిపోయినట్టు. తరవాత టీ పంపిస్తానని లోపలికి వెళ్ళాడు. పంపించలేదు.

చర్చి ముందు పందిరి. గేదె మాంసం, ఆకుల్లో చుట్టిన మెత్తటి అన్నం, పళ్ళేల నిండా బిస్కట్లు. పాస్టరు ప్రార్థన చేసి పేర్లు చదివాడు. ముందు సుపాంగ్‌కీ అల్లుడికీ తల్లిదండ్రుల పేరు ఇచ్చాడు. యుడాన్‌కి పెద్దకొడుకు పిల్లలు ముందే ఉన్నారు కాబట్టి అతని పేరు ఎప్పుడో మారిపోయింది. ఇక మిగిలింది పియాన్. పాస్టరు పిలిచాడు. పియాన్ కుర్చీలోంచి లేవలేదు. పాస్టరు నీళ్ళు తాగి మళ్ళీ పిలిచాడు. పియాన్ తన పాదాలకేసి చూసుకుంటున్నాడు.

సుపాంగ్ వచ్చి బిడ్డని అతని ఒళ్ళో పెట్టింది. వాడు వెచ్చగా, అనుకున్నదానికంటే బరువుగా ఉన్నాడు. అమ్మమ్మ చెవులు వాడికి వచ్చాయి, పైన కాస్త మడత పడ్డ చెవులు. పియాన్ ఆ మడతని వేలితో సరిచెయ్యబోయాడు. అది మళ్ళీ మడత పడింది. అతను లేచి నిలబడ్డాడు.

ఇక అందరూ వరసగా వచ్చి చెయ్యి పట్టుకుని, నోటికి అలవాటు కావాలని ఆ పేరు గట్టిగా అంటూ పోయారు. ములా ఉలున్, ములా ఉలున్. అతను ఒక్కొక్కరికి తల ఊపాడు. పక్కన భార్య నిలబడాల్సిన చోట ఎవరో ప్లాస్టిక్ కుర్చీ లాగి దాని మీద బిస్కట్ల పళ్ళెం పెట్టారు.

సాయంత్రం వెనక్కి వస్తుంటే లోంగ్ సెమాయా వాళ్ళంతా కిటికీ ముందు గుంపుగా ఉన్నారు. ప్రియో కార్డులు పేర్చుకుని, బళ్ళో హాజరు పిలిచినట్టు ఒక్కొక్క పేరే పిలుస్తున్నాడు.

"పియాన్ తావు."

గుంపు గొల్లుమంది. ఆఫీసరు కోడి బాకీ పడ్డాడని ఒకడు, ఈ లెక్కన నెల తిరిగేసరికి గవర్నమెంటు కోళ్ళఫారం పెట్టాలని ఇంకొకడు. ప్రియోకి ఏమీ అర్థం కాక వాళ్ళ మొహాలు చూశాడు. పియాన్ కదల్లేదు. పొద్దుటినుంచి ఎన్ని నోళ్ళు కొత్త పేరు అన్నాయో. వాటన్నిటి తరవాత ఆ పాత పేరు చెవిన పడేసరికి, ఉప్పు గుడిసెలోంచి ఎవరో అన్నానికి పిలిచినట్టయింది. ఆ పేరు తనది కాదని చెప్పాలి. ఆచారం అది. బిడ్డ క్షేమం అది.

ప్రియో కిటికీలోంచి చూసి మళ్ళీ పిలిచాడు. "పియాన్ తావు. పెద్దాయనా, మీరే కదా?"

"నేనే" అన్నాడు పియాన్. చెయ్యి చాపాడు.

ఇంటికి వెళ్ళాక అసలు సంగతి తెలిసింది. ఊరు రాత్రికి రాత్రే మారిపోయింది. కోడి పోతుందన్న భయమో, బిడ్డ మీది ప్రేమో, ఒక్కరి నోరూ జారలేదు. చర్చిలో, చేలో, కొట్లో అతను ములా ఉలున్. ఆమె మాట ఎత్తాల్సి వస్తే జనం తడబడేవారు. ఆవిడ, మీ ఇంటావిడ అనేవారు. కొన్నాళ్ళకి ఒక మాట కుదిరింది: పోయినావిడ. పోయినావిడ నాటిన అనాస. పోయినావిడ ఇచ్చిన విత్తనం. ఎవరిదీ తప్పు కాదు. తప్పు ఎవరిదైనా అయితే అతనికి కాస్త తేలికగా ఉండేది.

ఒంటరిగా ఉన్నప్పుడు తనే ఆ పేరు పైకి అని చూశాడు. తన నోట్లోంచి వస్తే అది పిలుపు కాదు. దగ్గు లాగా ఉంది.

అప్పుడు పొయ్యి వెలిగించాడు. సంతకి పోవాలంటే మోసుకుపోవడానికి ఏదో ఒకటి ఉండాలి. ఊటలోంచి ఆకులు తీశాడు, ఉప్పునీళ్ళు కాచే పీపాలు తోమాడు, కట్టెలు కొట్టాడు. ఇద్దరి పని ఒక్కడే చేశాడు. మొదటి కాపు మాడింది, దాన్ని గేదెలకి వేశాడు. తరవాతి కాపు తెల్లగా వచ్చింది. ఆకుల్లో చుట్టి, పేము బుట్టలో పేర్చి, వీపుకి కట్టుకుని గట్టెక్కాడు. ఆ తరవాత ఏ సంతరోజూ తప్పలేదు. వానలో వెళ్ళాడు. మోకాలు వాచినప్పుడు కర్ర పట్టుకుని వెళ్ళాడు. నా మోటార్ సైకిల్ మీద నీ ఉప్పు నేను పట్టుకెళ్తా మామా, నువ్వు ఇంట్లో పడుకో అంది రింగా. ఉప్పు నువ్వు పట్టుకెళ్ళు, నేనూ వస్తా అన్నాడు.

సంతలో ఉప్పు పెట్టుకుని కూర్చుని, సుపాంగ్ బిడ్డని తెస్తే ఎత్తుకుని, సాయంత్రం కిటికీ ముందు నిలబడతాడు. ప్రియో పిలుస్తాడు. పియాన్ పలకడు. పలికితే అయిపోతుంది, మళ్ళీ సంత దాకా లేదు. ప్రియో రెండోసారి పిలుస్తాడు. అప్పుడు నేనే అంటాడు. ఎప్పుడైనా అదృష్టం బాగుండి ప్రియో ఫోన్ చూసుకుంటూ పరధ్యానంగా ఉంటే మూడోసారి కూడా.

సుపాంగ్‌కి ఇది కంటపడింది. "నాన్నా, పిలుస్తున్నారు" అని ప్రతిసారీ మోచేతి మీద తట్టేది. ముసలితనానికి చెవులు పోయాయనుకుంది. ఒక సంతరోజు బలవంతంగా బా ఉలోంగ్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నర్సు అతని వెనక నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా, నీ మనవడు నీ చొక్కా తడిపాడు తాతా అంది. పియాన్ చొక్కా చూసుకున్నాడు. చెవులకి ఏ జబ్బూ లేదు, మీ నాన్నకి మొండితనం జబ్బు, దానికి మా దగ్గర మందు లేదు అని నర్సు తేల్చేసింది.

ఈలోగా పియాన్ పెద్దమనుషుల కంట కూడా పడ్డాడు. భార్య పోయి కుంగిపోయిన ముసలివాడికి సరిహద్దు వ్యాపారం కొత్త ఊపిరి పోసిందట. బుట్ట వీపున ఉండగా ఫోటో తీశారు. కొత్త భవనం గోడకి అది ఎక్కింది. యుడాన్ ఏ సభలో మాట్లాడినా, మా వియ్యంకుణ్ణే చూడండి అంటున్నాడట. రింగా చెప్పి పగలబడి నవ్వింది. నీ బొమ్మ పక్కన గ్యాస్ బండ బొమ్మ పెట్టారు మామా, రెండూ ఒక్కలాగే ఉన్నాయి అంది. పియాన్ ఎన్నడూ ఆ గోడ వైపు చూడలేదు. తన పని కిటికీతో.

అనాసలు పండే కాలంలో ఒక సంతరోజు యుడాన్ స్వయంగా ఇటువైపు వచ్చాడు. వెనక సుపాంగ్, ఆమె వీపున బిడ్డ. మధ్యాహ్నం వాన వెలిసింది. కిటికీ ముందు జనం మామూలుకంటే ఎక్కువ ఉన్నారు. యుడాన్ పియాన్ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"బావగారూ, మీ కోసం ఒక పని సాధించాను. నాలుగు దేశాల సభలో నేనే లేచి అడిగాను. మా మనుషుల పేర్లు మారతాయి, మీ కార్డుల్లో మారవు, ఇది మాకు అవమానం అన్నాను. ఒప్పుకున్నారు. ఇవాళ్టి నుంచి విందులో తీసుకున్న పేరే కార్డు మీదకి ఎక్కుతుంది. అందరికంటే ముందు మీది మార్చమని చెప్పాను."

చుట్టూ ఉన్నవాళ్ళు సంతోషపడ్డారు. కొందరు అప్పటికే వరస కట్టారు. ప్రియో లోపలినుంచి నవ్వుతున్నాడు. ఇక కోళ్ళ గొడవ వదిలిపోతుంది. యుడాన్ చేతులు వెచ్చగా ఉన్నాయి. కళ్ళలో నీరు తిరుగుతోంది. ఎన్నాళ్ళుగానో మోస్తున్న బరువు ఇక్కడ దించుకుందామని వచ్చాడు. అది పియాన్‌కి కనిపించింది. కనిపించలేదని అబద్ధం చెప్పుకోవడం అతనికి చేతకాదు.

"నాది మార్చొద్దు" అన్నాడు.

యుడాన్ చేతులు వదిలాడు. "మార్చకపోతే వర్తకుడి కార్డు ఇవ్వరు. బండి మీద సరుకు తేవడానికి లేదు. వీపు మీద మోసినంతే."

"వీపు మీద మోసినంత చాలు."

"ఆ రోజుది ఇంకా పట్టుకుని కూర్చున్నారా బావగారూ?"

"అవును."

యుడాన్ జేబు మీది బిళ్ళ సర్దుకుని, ఎవరినో పలకరిస్తున్నట్టుగా గుంపులోకి వెళ్ళిపోయాడు. అతని వీపు ముసలిదైంది. పియాన్ అది కూడా చూశాడు. మనసు కాస్త కలుక్కుమంది, అంతకంటే ఏమీ కాలేదు.

సుపాంగ్ మొహం ఎర్రగా ఉంది. బిడ్డని వీపునుంచి ముందుకు తిప్పుకుంది.

"ఆయన పరువు తీశావు సరే. వీడేం చేశాడు నాన్నా? వీడి మీద తీసుకున్న పేరు నీకంత చేదుగా ఉందా? రాసుకోవడానికి కూడా పనికిరాదా?"

పియాన్ బుట్ట దించి కింద పెట్టాడు. బిడ్డ చెవి మడత కేసి చూశాడు.

"అమ్మాయ్, మీ అమ్మని ఊళ్ళో ఇప్పుడు ఏమంటున్నారో తెలుసా?"

"ఏమంటున్నారు?"

"పోయినావిడ అంటున్నారు."

సుపాంగ్ పెదవులు తల్లి పాత పేరు కోసం కదిలాయి, కానీ పైకి అనలేదు. చంకలో బిడ్డ ఉన్నాడు. తండ్రి మొహంలోకి చూసింది. తరవాత కిటికీ వైపు చూసింది. ప్రియో కార్డుల కట్ట తీసి రబ్బరు బ్యాండు విప్పుతున్నాడు. పేరు మార్చమని జనం ఇచ్చినవి ఒక పక్కన పెట్టాడు. రింగాని పిలిచాడు. రింగా కొడుకుని పిలిచాడు. గుంపు పలచబడింది. బిడ్డ తల్లి జడ పట్టుకుని లాగుతున్నాడు.

"పియాన్ తావు" అన్నాడు ప్రియో.

పియాన్ పలకలేదు. సుపాంగ్ చెయ్యి అలవాటు కొద్దీ తండ్రి మోచేతి దాకా వచ్చింది. అక్కడే ఆగి, తట్టకుండా, చొక్కా చెయ్యిని పట్టుకుంది. ఇద్దరూ కిటికీ వైపు చూస్తూ నిలబడ్డారు. ప్రియో తల బయటికి పెట్టి, ఈసారి ఇంకాస్త గట్టిగా పిలిచాడు.